ఎర్రమెట్టలో రుచి పరేడ్

సోమవారం. బయట దుమ్ము, లోపల గోంగూర పులుసు.

మా డాక్టరు మేజర్ షమీమా గారు దినచర్య రాయమన్నారు. "మీ మనసుకు ఏది తోస్తే అది రాయండి కూర్మారావు గారూ. నేను చదవను" అన్నారు. మనసుకు తోచింది చెయ్యమని ఇంతవరకు నాకు ఏ అధికారీ ఆజ్ఞ ఇవ్వలేదు. ఆజ్ఞ ఏదైనా ఆజ్ఞే కనుక "యస్ మేడమ్" అనేసి వచ్చి కూర్చున్నాను.

నా పేరు తామాడ కూర్మారావు. మాజీ హవల్దారును, వంట విభాగం. కుజుడి మీద ధూళి యుద్ధం ముగిసినప్పటి నుంచి ఎర్రమెట్ట గుమ్మటంలో, మాజీ సైనికుల ఆరోగ్యనిలయంలో ఉంటున్నాను. ఇక్కడ నేను రోగినీ, వంటవాణ్నీ. రెండింటికీ సెలవు లేదు. మా ముత్తాతలు శ్రీకాకుళం నుంచి గోంగూర విత్తనాలూ, మాటకు మాట అనే గుణమూ తెచ్చి ఇక్కడ నాటారు. గోంగూర బాగా పట్టింది. రెండోది పటాలంలో చేరిన రోజే పీకేశారు.

జబ్బు సంగతి కూడా చెప్పాలి కదా. నాకు ఒక గొంతు వినిపిస్తుంది. అది సుబేదార్ మేజర్ గవరయ్య గారిది. ఆయన యుద్ధంలో దుమ్ము తుఫాను మధ్య బయటే ఉండిపోయారు. మనిషి దొరకలేదు, గొంతు మాత్రం వచ్చి నా ఎడమ చెవిలో కాపురం పెట్టింది. బతికుండగా నా వంటకు వంకలు పెట్టేవారు, పోయాక కూడా ఆ అలవాటు మానలేదు. "ఒరే కూర్మా, ఉప్పు సూసినావేటి?" అని మొదలుపెడతారు. వైద్యంగా నెలకోసారి భుజం చర్మం కింద బియ్యపు గింజంత మందుపూస పెడతారు. అది కరుగుతున్నన్నాళ్లు ఆయన గొంతు తగ్గుతుంది. అయిపోవచ్చే రోజుల్లో మళ్లీ హాజరవుతారు.

ఈ ఉదయం వైద్యగదికి పిలిచారు. కొత్త చట్టం ప్రకారం ఇక్కడ ఏ వైద్యమైనా ఉమ్మడి నిర్ణయమే. డాక్టరూ రోగీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి, ఇద్దరూ సరే అనాలి. గోడకు వేలాడే చిన్న పెట్టె ఆ మాటలు వింటుంది. దాన్ని మేం గోడచెవి అంటాం. ఇద్దరి మాటా కలిస్తే పచ్చదీపం, కలవకపోతే ఎర్రదీపం. ఎర్రదీపం ఎలా ఉంటుందో ఎర్రమెట్టలో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"శాశ్వత పూస వచ్చింది. చెవి వెనక ఎముకలో పెడతాం. గొంతు ఇక వినిపించదు. కానీ ఒకసారి పెడితే తీయడం కుదరదు. మందు ఇప్పటిదే, రెండింతలు పడుతుంది. బాగా ఆలోచించుకుని మీ ఇష్టం చెప్పండి" అన్నారు మేజర్.

ఆలోచిద్దామనే అనుకున్నాను. నా నోరు నాకంటే ముందే లేచి అటెన్షన్‌లో నిలబడింది. "యస్ మేడమ్!"

పచ్చదీపం వెలిగింది. వచ్చే సోమవారం పూస పెడతారట.

వంటశాలకు వచ్చి పులుసు గరిటెతో తీసి నాలుక మీద వేసుకున్నాను. వేడి తెలిసింది. ఇంకేమీ తెలియలేదు. ఈ మందు మొదలైన దగ్గర నుంచి నా నాలుక కొంచెం కొంచెంగా చచ్చిపోతోంది. పూస కొత్తగా పెట్టిన రోజుల్లో అసలేమీ తెలియదు, కరిగిపోయే రోజుల్లో కొంచెం పులుపు తగులుతుంది. శాశ్వత పూస వస్తే ఆ కొంచెమూ పోతుంది. నాకు వంట తప్ప ఇంకో విద్య రాదు. చాలా భయం వేసింది. భయంలో పులుసులో ఇంకో గుప్పెడు ఉప్పు వేశాను.

మంగళవారం. దుమ్ము కొంచెం తగ్గింది.

నేనొక్కణ్నే ఇలా అనుకుంటే పొరపాటు. ఇక్కడ అందరమూ గంగిరెద్దులమే. మేజర్ గారు ఏది అడిగినా తల ఊపుతాం. ఆవిడ మమ్మల్ని "గారూ" అనీ "మీరు" అనీ పిలుస్తారు. హవల్దారును మీరు అనే మేజర్ని మేం పటాలంలో చూడలేదు. అలా పిలిస్తే ఇంకా భయపడి ఇంకా గట్టిగా యస్ అంటున్నాం.

పాపం, ఆవిడకు విసుగెత్తింది. పొద్దున్నే అందరినీ హాల్లోకి పిలిచి, "చికిత్స మీది. బాధ మీది. నాతో విభేదించడం మీ హక్కు. రేపటికల్లా మీలో ప్రతి ఒక్కరూ నా మాటకు ఒక్కసారైనా అడ్డు చెప్పాలి. దీన్ని ఆజ్ఞ అనుకున్నా సరే" అన్నారు.

ఆ చివరి వాక్యం అనకుండా ఉండాల్సింది.

మాలో అందరికంటే పెద్ద హోదా సుబేదార్ దాలినాయుడు గారిది. యుద్ధం తర్వాత ఆయనకు లోకమంతా తన మీద నిఘా పెట్టిందన్న అనుమానం పట్టుకుంది. దానికి మందు వాడుతున్నారు. అయినా క్రమశిక్షణలో లోటు రాదు. భోజనాలు కాగానే మమ్మల్ని వరసలో నిలబెట్టి మధ్యాహ్నమంతా కవాతు చేయించారు. సాయంత్రం మేజర్ గారు రాగానే ఆయన చెయ్యి ఎత్తి దించారు. మేమంతా ఒక్క గొంతుతో గుమ్మటం అదిరేలా అరిచాం.

"ఒప్పుకోం మేడమ్!"

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "చాలా సంతోషం! దేనికి ఒప్పుకోరు?"

అందరం దాలినాయుడు గారి వైపు చూశాం. ఆయన ఛాతీ విరిచి, "అది ఆజ్ఞలో నేదు మేడమ్" అన్నారు.

మేజర్ గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయారు.

బుధవారం. దుమ్ము మళ్లీ లేచింది.

పైడితల్లితో నా గోడు చెప్పుకున్నాను. లాన్స్ నాయక్ పైడితల్లి యుద్ధంలో దుమ్ముబండి నడిపేది. ఆమెకు కొన్ని నెలలు నిద్రే అక్కర్లేనంత ఉత్సాహం, కొన్ని నెలలు మంచం దిగలేనంత నీరసం. నోరు మాత్రం అన్ని నెలలూ ఒకేలా పనిచేస్తుంది.

"పూస పెట్టేలోగా మాట వెనక్కి తీసుకోవచ్చు గదరా. ఎల్లి ఒద్దని సెప్పు. ఒక్క ముక్క. దానికేటి కష్టం?" అంది.

వెళ్లాను. తలుపు తట్టాను.

"రండి. కూర్చోండి."

"యస్ మేడమ్."

"ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?"

"నో మేడమ్!"

నా జీవితంలో ఒక అధికారితో కాదన్న మాట అదొక్కటే. అది కూడా తప్పుచోట అన్నాను.

ఇప్పుడు ఒక సంగతి రాయాలి. మేజర్ గారు ఊరికే నా నాలుక మీద పగబట్టి శాశ్వత పూస అనడం లేదు. రెండు నెలల కిందట, పూస కరిగిపోయే రోజుల్లో, గవరయ్య గారు ఉప్పు సంగతి కాకుండా ఇంకో మాట అన్నారు. "కూర్మా, బయట మనోళ్లందరూ ఆకలితో ఉన్నారు. వంట పట్టుకుని రా." వంటవాడికి అంతకంటే పెద్ద ఆజ్ఞ ఏముంటుంది? పప్పు గుండిగ ఎత్తుకుని గాలిగదికి వెళ్లాను. బయటికి పోవాలంటే దాటవలసిన గది అది. శిరస్త్రాణం కొక్కేనికే ఉంది, నా చెయ్యి తలుపు మీట మీద ఉంది. పైడితల్లి చూసి కేకలు పెట్టడంతో ఆగాను. ఏం చేస్తున్నావని అడిగితే, పప్పు చల్లార్చడానికి వచ్చానన్నాను. మేజర్ గారు అది నమ్మినట్టు రాసుకున్నారు కానీ నమ్మలేదు.

కాబట్టి ముందు నుయ్యి, వెనక గొయ్యి. పూస పెట్టించుకుంటే వంటవాడు పోతాడు. పెట్టించుకోకపోతే ఏదో ఒక రోజు మనిషే పోతాడు. ఎవరికైనా విడమరిచి చెప్పుకుందామంటే, చెప్పుకోవలసిన మనిషి ముందు నోరు పెగలదు.

గురువారం. దుమ్ము తుఫాను. రుచి పరేడ్‌లో అంతకంటే పెద్ద తుఫాను.

మా పటాలంలో ఒక ఆచారం ఉంది. మధ్యాహ్నం వడ్డనకు ముందు, ఆ రోజు బాధ్యతలో ఉన్న అధికారి వంటశాలకు వచ్చి అన్నీ ఒక్కో గరిటె రుచి చూడాలి. వంటవాడు పక్కన, మిగతావాళ్లు ఎదురుగా వరసల్లో నిలబడాలి. ఆ కాసేపు మాత్రం ఎవరి హోదా వారి జేబులో ఉంటుంది. ఆఖరి సిపాయి కూడా జనరల్ ముందు నిలబడి "పప్పు ఉడకలేదు" అనవచ్చు. ఉడకని పప్పు బాగుందంటే నేరం, ఎందుకంటే అది పటాలమంతా తినాలి. ఎర్రమెట్టలో కూడా ఆ రుచి పరేడ్ నడుపుతున్నాం. ఎప్పుడూ వచ్చే కార్యాలయం కెప్టెన్ తుఫాను వల్ల పక్క గుమ్మటంలో చిక్కుకుపోయాడు. అతని బదులు మొదటిసారి మేజర్ షమీమా గారు వచ్చారు.

ఆవిడ పులుసు నోట్లో వేసుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మింగి, నీళ్లు తాగి, "చాలా బాగుంది" అన్నారు.

"మేడమ్!" అంది పైడితల్లి. "తమరు అబద్ధమాడుతున్నారు. ఇది పులుసేటి? ఉప్పుగనిలో గోంగూర పడిపోనాది."

"అన్నం పలుకు" అన్నారు దాలినాయుడు గారు. "నిన్నా పలుకే. మొన్న ముద్ద. ఈడికి మజ్జిమార్గం తెల్దు."

"సారులో మిరియం నేదు!"

"పచ్చడిలో పచ్చడే నేదు!"

వెనక వరస నుంచి, ఏడాదిగా ఎవరితోనూ మాట్లాడని సిపాయి బుడ్డయ్య కూడా "వంకాయ చేదు" అన్నాడు.

మేజర్ గారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయారు. "మీరంతా మాట్లాడతారా?" అన్నారు.

"రుచి పరేడ్ గదా మేడమ్. ఇక్కడ సెప్పకపోతే శిక్ష" అన్నారు దాలినాయుడు గారు.

ఆవిడ నా వైపు తిరిగారు. "మీరు రుచి చూశారా కూర్మారావు గారూ?"

"యస్ మేడమ్."

"ఎలా ఉంది?"

రుచి పరేడ్‌లో వంటవాడు అబద్ధమాడకూడదు. అది కూడా ఆచారమే. "తెల్దు మేడమ్" అన్నాను. "వేడిగా ఉన్నాది. అంతవరకే తెలుస్తాది."

మేజర్ గారు గరిటె నెమ్మదిగా పళ్లెంలో పెట్టారు.

శుక్రవారం. తుఫాను ఆగింది.

పొద్దున్నే మేజర్ గారు గోడచెవిని చంకలో పెట్టుకుని వంటశాలకు వచ్చారు. గరిటెలు తగిలించే మేకుకు దాన్ని తగిలించారు. భుజాల మీద హోదా గుర్తులు కనపడకుండా వంటశాల తువ్వాలు కప్పుకుని, పీట వేసుకుని పొయ్యి దగ్గర కూర్చున్నారు. ఆ తువ్వాలుకు పసుపు మరకలున్నాయి. చెబుదామనుకున్నాను, మళ్లీ నోరు పెగల్లేదు.

"ఈ రోజు నా వైద్యానికి రుచి పరేడ్" అన్నారు. "నేను వంటమనిషిని. మందు ఎలా ఉందో చెప్పండి. బాగుందని అబద్ధమాడితే శిక్ష."

ఉల్లిపాయలు తరగడానికి అందరం అక్కడే చేరాం. పైడితల్లి కత్తి పక్కన పెట్టింది.

"తమరి మందు నాకు కావాలి మేడమ్. అది లేపోతే ఏటవుద్దో నాకు తెల్సు. మూడు రోజులు నిద్ర నేకుండా బండి ఇప్పి మళ్లీ బిగించినాను. కానీ పొద్దున్న ఏసుకుంటే మజ్జాన్నం దాకా శవాన్ని."

"సాయంత్రం వేసుకుంటే?"

"అది నేనెప్పుడో అడగాలనుకున్నాను మేడమ్."

పచ్చదీపం వెలిగింది. ఇదివరకు కూడా పచ్చదీపాలు చూశాం కానీ, ఇది మాట్లాడుకున్నాక వెలిగిన మొదటిది. దాలినాయుడు గారు ఎప్పుడూ జేబుల్లో దాచుకునే చేతులు బయటికి తీసి చూపించారు. మందు వల్ల వణుకుతున్నాయి. శత్రువులకు తెలియకూడదని దాచారట. దానికి విరుగుడు ఉందని మేజర్ గారు చెబితే, అది కూడా ఎవరి కుట్రో అని కాసేపు వాదించి, చివరికి ఒక వారం చూస్తానన్నారు.

నా వంతు వచ్చింది.

"రుచి పోయిందని ఎందుకు చెప్పలేదు?"

"తమరు అడిగినారు మేడమ్. అంతా బాగున్నాదా అని పెతి నెలా అడిగినారు. నానే యస్ మేడమ్ అన్నాను."

"అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు" అంది పైడితల్లి. "ఈడు అన్నం ఎడతానన్న అమ్మకి ఆకలి నేదని సెప్పొచ్చినాడు."

మేజర్ గారు నా వైపు తిరిగారు. "ఆ రోజు పప్పు చల్లార్చడానికి వెళ్లలేదు కదా?"

చెప్పేశాను. గవరయ్య గారి మాట, బయట ఆకలితో ఉన్న మనవాళ్లు, గుండిగ, అన్నీ చెప్పాను. బుడ్డయ్య నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"ఆయన మళ్లీ రమ్మంటే కాదనగలరా?"

"ఆయన సుబేదార్ మేజర్ గదా మేడమ్."

"నేను మేజర్ని. ఆయన నాకు సెల్యూట్ చెయ్యాలి. నన్నే కాదనలేని మీరు ఆయన్ని ఎలా కాదంటారు?" ఆవిడ పీట నా వైపు జరుపుకున్నారు. "నా భయం అదే కూర్మారావు గారూ. మీరు తలుపు తీస్తారని భయం. అందుకే శాశ్వత పూస అన్నాను. ఇప్పుడు చెప్పండి. పెట్టించుకుంటారా?"

నా నోరు లేచి నిలబడబోయింది. "య..." దాకా వచ్చింది. పైడితల్లి నిన్నటి పులుసు గిన్నె తెచ్చి నా ముందు ఠప్పున పెట్టింది. చూశాను. ఆ పులుసు ఇంతమంది చేత తినిపించాను. నాకే తెలియకుండా తినిపించాను.

"ఒద్దు మేడమ్" అన్నాను.

గోడచెవిలో ఎర్రదీపం వెలిగింది.

పెద్దగా ఏమీ లేదు. పచ్చదీపం లాంటిదే, ఎర్రగా ఉంది. అయినా అందరూ లేచి నిలబడ్డారు. దాలినాయుడు గారు దానికి సెల్యూట్ కొట్టారు. నేను మాత్రం పీట మీద కూలబడ్డాను.

మేజర్ గారు పీట ఇంకా దగ్గరికి జరుపుకున్నారు. "మంచిది. వద్దంటే మరి ఏం చేద్దాం? తలుపు సంగతి వదలను" అన్నారు.

ఆవిడ ఏదో ఒకటి చెబుతారు, యస్ అందామని చూశాను. చెప్పలేదు. పొయ్యి మీద నీళ్లు మరిగేదాకా అలాగే చూస్తూ కూర్చున్నారు. చివరికి నేనే అన్నాను. "గాలిగది తలుపుకి నా చేతిముద్ర తీసేయండి మేడమ్. నాను మీట నొక్కినా తెరుసుకోకూడదు. నెలపూస అలాగే ఉంచండి. ఆయన ఉప్పు గురించి అరిస్తే నాను పడతాను. బయటికి రమ్మంటే ఎంటనే తమరికి సెప్తాను."

"పూస కరిగే దాకా ఆగకుండా వారం ముందే కొత్తది పెడతాను. ఆ రోజుల్లోనే కదా ఆయన వచ్చేది" అన్నారు ఆవిడ. "కొంచెం పులుపు తగిలే రోజులు మీకు తగ్గుతాయి. దానికి ఒప్పుకుంటారా?"

అది నాకు నష్టమే. ఆలోచించాను. ఈసారి నిజంగానే ఆలోచించాను. "మందు మోతాదు కొంచెం తగ్గించి, ముందే పెడితే?"

"చూడవచ్చు. కానీ ఆయన రెండోసారి బయటికి రమ్మంటే మోతాదు పెంచుతాను. అప్పుడు పేచీ పెట్టకూడదు."

"పెడతాను మేడమ్. కానీ ఏయించుకుంటాను."

ఆవిడ ఫక్కున నవ్వారు. పచ్చదీపం వెలిగింది. లేచి వెళుతుంటే అప్పుడు గుర్తొచ్చి, "మేడమ్, తమరి తువ్వాలుకి పసుపు మరకలున్నాయి" అన్నాను. ఒకసారి నోరు తెరుచుకున్నాక ఆగడం లేదు.

తర్వాతి నెల, ఆదివారం. ఆకాశం తేటగా ఉంది.

మోతాదు తగ్గాక పులుపు తెలుస్తోంది. ఉప్పు ఒక రోజు తెలుస్తుంది, ఒక రోజు తెలియదు. కారం అసలు లేదు. అందుకని ఉప్పుకు పైడితల్లి, కారానికి బుడ్డయ్య రుచి చూస్తున్నారు. బుడ్డయ్య రోజుకో మాట మాట్లాడుతున్నాడు. ఆ మాట ఎప్పుడూ "చాలదు" అనే.

ఈ రోజు మధ్యాహ్నం పులుసు దించుతుండగా గవరయ్య గారు వచ్చారు. చాలా రోజులకు వచ్చారు. గొంతు దూరంగా ఉంది కానీ ఆయనదే.

"కూర్మా. మనోళ్లు బయట ఆకలితో ఉన్నారు. గుండిగ పట్టుకుని రా."

నా మడమలు వాటంతట అవే దగ్గరికి చేరాయి. గరిటె పట్టుకునే అటెన్షన్‌లో నిలబడ్డాను. తలుపుకు నా చేతిముద్ర లేదు, వెళ్లినా అది తెరుచుకోదు. ఆ సంగతి ఆయనకు చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు. హాల్లో పళ్లేల చప్పుడు వినిపిస్తోంది. దాలినాయుడు గారు విరుగుడు మందుతో కుదుటపడిన చేతులతో వరసలు సరిచేస్తున్నారు. మేజర్ గారు రుచి చూడడానికి గరిటె కడుక్కుంటున్నారు.

గవరయ్య గారంటే నాకు ప్రాణం. ఆయన ఆకలితో ఉన్నారంటే ఇప్పటికీ చెయ్యి గుండిగ వైపే పోతుంది. ఏడుపు వచ్చింది. అయినా అన్నాను.

"ఒద్దు సార్. ఇక్కడోళ్లు ఇంకా తిన్నేదు."

పులుసు దించి మూత పెట్టాను.

"మరి ఉప్పు సూసినావేటి?" అన్నారు తర్వాత.

"పైడితల్లి సూసింది సార్."

మేజర్ గారు వంటశాలలోకి వచ్చారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ విని, నా భుజం మీద చెయ్యి వేసి, భోజనాలయ్యాక కూర్చుని మోతాదు సంగతి మాట్లాడుకుందామన్నారు. తర్వాత పులుసు రుచి చూసి, ఉప్పు తక్కువైందన్నారు.